ఎర్రచందనం పలచబడుతున్న కొండల్లో మొక్కలు నాటడం మొదటి పని కాదు

సిద్ధవటం ప్రాంతం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి ఊరికి దగ్గరగా, లంకమల అభయారణ్యం అంచున ఒకప్పుడు చిక్కగా ఉండిన ఎర్రచందనం ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటిగా మిగిలింది. ఊరి యువకులు రెండేళ్ళుగా తొలకరిలో విత్తన బంతులు చల్లుతున్నా చెప్పుకోదగినన్ని మొక్కలు కనబడలేదు. ఈ ఏడాది నర్సరీ నుంచి వెయ్యి మొక్కలు తెచ్చి నాటితే ఫలితం ఉంటుందా, లేక వేరే మార్గం ఏదైనా ఉందా అని వారి సందేహం.

సూటిగా చెబుతాను. ఈ ఏడాది మొక్కలు నాటవద్దు. ముందుగా ఆ కొండ మీద ఏ వయసు చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. ఆ తరువాత వరుసగా కనీసం నాలుగైదు వేసవులు ఆ స్థలంలోకి అగ్గి రాకుండా కాపాడే ఏర్పాటు చేయండి. నరికివేతకు గురైన మోళ్ళ నుంచి వచ్చే పిలకలను సాకండి. ఇవన్నీ జరిగాక కూడా ఖాళీలు మిగిలితే, అక్కడి విత్తనంతోనే పెంచిన మొక్కలను ఆ ఖాళీలలో మాత్రమే నాటండి. నేను ఇరవై ఆరేళ్ళు లంకమల, పాలకొండలు, శేషాచలం అంచులలో అటవీ పనులు చూశాను. అందులో పదేళ్ళు నర్సరీ బాధ్యత నాదే. నాటించిన వాటిలో ఎన్ని చచ్చాయో దగ్గరుండి చూసినవాడిగా ఈ మాట అంటున్నాను.

ఎందుకో అర్థం కావాలంటే ఈ చెట్టు బాల్యం ఎలా గడుస్తుందో తెలియాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, కడప, చిత్తూరు, నెల్లూరు కొండలలోనూ వాటి చుట్టుపక్కలా మాత్రమే. మట్టి కంటె రాయి ఎక్కువగా ఉండే వాలులలో, ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఆరేడు నెలల ఎండకు తట్టుకుని బతకవలసిన చెట్టు ఇది. అందుచేత మొలక తన బలాన్నంతా మొదట వేరులోకి పంపుతుంది. పైన జానెడు కాడ, నాలుగైదు ఆకులు కనబడతాయి. ఫిబ్రవరి నాటికి ఆకు రాలుతుంది, మార్చికల్లా కాడ కూడా ఎండిపోతుంది. చూసినవారు మొక్క చచ్చిందనుకుంటారు. కింద వేరు మాత్రం బతికే ఉంటుంది, మళ్ళీ వాన పడగానే అదే వేరు నుంచి కొత్త కాడ వస్తుంది. ఇలా కొన్ని ఏళ్ళు చచ్చి బతికి, వేరు బాగా లావెక్కిన తరువాతగాని కాడ వేసవిని దాటి నిలబడదు.

నేను ఈ సంగతి పుస్తకంలో చదివి నమ్మినవాడిని కాను. బాట పని కోసం గట్టు తవ్వుతున్నప్పుడు ఒక మొక్క వేరుతో సహా బయటపడింది. పైన కాడ పెన్సిల్ కంటె సన్నం, ఎత్తు జానకు కాస్త ఎక్కువ. కింద వేరు నా బొటనవేలి లావున మొదలై, రెండు రాళ్ళ సందులో నొక్కుకుపోయి పలకలా చదునై, మళ్ళీ గుండ్రమై మూరెడు దిగి అక్కడ తెగిపోయి ఉంది. వేరు తలమీద పాత కాడలు ఎండి రాలిన గుర్తులు ముడుల్లా వరుసగా కనబడ్డాయి. కిందటి ఏడాది నేనే ఆ గట్టు మీద నడిచి, మా రిజిస్టరులో "పునరుత్పత్తి లేదు" అని రాసి ఉన్నాను.

కాబట్టి మొదటి పని లెక్క. దీన్ని వేసవిలో చేయకూడదు, ఆకు లేనప్పుడు పిల్ల మొక్కలు కనబడవు. సెప్టెంబరు నుంచి నవంబరు లోపల చేయండి. ఒక్కొక్క వైపు ఇరవై మీటర్లు ఉండే చదరపు గడులు తాడుతో గుర్తించి, కొండ పాదంలో కొన్ని, నడుమ కొన్ని, పైన కొన్ని తీసుకోండి. చెట్లు బాగా ఉన్న చోట్లనే గడులు వేయాలని మనసు లాగుతుంది, అలా చేస్తే లెక్క పనికిరాదు. ప్రతి గడిలోనూ నాలుగు వరుసలు రాయండి: మోకాలి ఎత్తు లోపలివి, మనిషి ఎత్తు లోపలివి, అంతకు మించి పెరిగినా చుట్టుకొలత జానెడున్నర లోపు ఉన్నవి, పెద్దవి. పెద్దవాటి చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపుతో కొలవాలి. నరికిన మోళ్ళను, వాటి పిలకలను వేరుగా రాయండి.

గుర్తుపట్టడంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఎర్రచందనం ఆకు సాధారణంగా మూడు రెమ్మలుగా, అంటే ఒకే కాడకు మూడు చిన్న ఆకులుగా ఉంటుంది, రెమ్మ కొస గుండ్రంగా లేదా కొద్దిగా నొక్కుపడి ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టమైన వేగిస చెట్టుకు అయిదు నుంచి ఏడు రెమ్మలుంటాయి. ముదిరిన చెట్టు దగ్గర సందేహమే ఉండదు, ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కాని విత్తు నుంచి వచ్చిన మొలక తొలి ఆకులు ఒంటి రెమ్మవే. మీ కుర్రవాళ్ళు విత్తన బంతుల ఫలితం వెతికినప్పుడు మూడు రెమ్మల ఆకు కోసమే చూసి ఉంటే, ఉన్నవాటిని కూడా దాటిపోయి ఉండవచ్చు.

లెక్క ఏమి చెబుతుందంటే, ఆరోగ్యంగా ఉన్న అడవిలో పిల్లలు చాలా ఎక్కువ, పడుచువి కొన్ని, పెద్దవి తక్కువ ఉండాలి. మోకాలి ఎత్తువి బోలెడు ఉండి మనిషి ఎత్తువి లేకపోతే, విత్తనానికి కొదవ లేదని, పైకి లేచే ప్రతిసారీ ఏదో వాటిని కొడుతున్నదని అర్థం. ఆ కొట్టేది అగ్గి అయినా కావచ్చు, గొడ్లూ మేకలూ అయినా కావచ్చు. అలాంటి చోట వెయ్యి మొక్కలు కొత్తగా నాటడమంటే, అదే దెబ్బకు మరో వెయ్యి అందించడమే. పిల్ల మొక్కలే అసలు లేకపోతే సమస్య వేరు. తల్లి చెట్లు మరీ దూరదూరంగా ఉండి కాయలో విత్తు పట్టకపోవడం గాని, నేల మీద కంప, కలుపు కమ్మి వెలుతురు అందకపోవడం గాని అందుకు కారణం కావచ్చు. ఈ చెట్టు నీడను ఓర్చుకోలేదు. మూడో రకం కూడా ఉంది. చిన్నవి, పడుచువి ఉండి పెద్దవి మాత్రమే లేకపోవడం. అది దొంగ నరుకుడు గుర్తు, దానికి మందు కాపలా తప్ప వేరొకటి కాదు. నేను చూసిన చోట్లలో ఎక్కువ భాగం మొదటి రకం, మూడో రకం కలిసినవే.

ఇక అగ్గి. మన కొండలలో ఫిబ్రవరి నుంచి తొలి వానల దాకా అది తప్పని భయం. పిడుగు పడి అంటుకున్నది నేను ఎన్నడూ చూడలేదు. కొత్త పచ్చిక కోసం ఎండుగడ్డి కాల్చేవారు, తేనె కోసం పొగ పెట్టేవారు, ఆర్పకుండా బీడీ పారేసేవారు, చీకట్లో వంట చేసుకుని పొయ్యి అలాగే వదిలిపోయే దుంగల దొంగలు దానికి కారకులు. ఒక్కసారి కాలినంత మాత్రాన ఎర్రచందనం వేరు చావదు, మళ్ళీ చిగురిస్తుంది. కాని ఏటేటా కాలితే వేరులో దాచుకున్న బలం ఖర్చయిపోతూ వచ్చి ఒక ఏడాది ఇక చిగురు రాదు. నాలుగైదు ఏళ్ళు వరుసగా అగ్గి తగలకుండా చూడగలిగితే, వేరులో బలం కూడినవి అగ్గి అందని ఎత్తుకు కాడ పంపగలుగుతాయి. మీరు ఆ కొండకు చేయగలిగిన అతి పెద్ద మేలు అదే. దానికి నర్సరీ అక్కరలేదు.

అయితే ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పాలకొండల వాలులో ఒక తునకకు పశువులు రాకుండా ముళ్ళకంచె వేయించాను. మొదటి ఏడాది చూడముచ్చటగా ఉంది. మేత ఆగినందున రెండో ఏడాదికి బోద గడ్డి నడుము దాటింది. మార్చి నెలలో ఎవరో పక్క వాలున నిప్పు పెట్టారు. బయట గొడ్లు మేసిన చోట మంట చీలమండ ఎత్తున పాకి ఆరిపోయింది, కంచె లోపల మాత్రం మనిషి ఎత్తున లేచింది. మర్నాడు వెళ్ళి చూస్తే కంచె బయటి మొక్కలకు ఆకులు మాడాయి, లోపలి మొక్కలు నేలమట్టం అయ్యాయి. పశువుల నుంచి కాపాడబోయి అగ్గికి గడ్డి పేర్చి ఇచ్చినట్లయింది. కంచె వేస్తే గడ్డి కోసే ఏర్పాటు కూడా ఉండాలి, లేకపోతే కంచె వేయకపోవడమే మేలు. ఆ తరువాత మేము అనుసరించిన పద్ధతి ఏమంటే, డిసెంబరు, జనవరి నెలల్లో ఊరివారే వచ్చి కొడవలితో కోసుకుని మోపులు కట్టుకుపోవడం. కోసేవారికి మొక్కలు తెలియాలి కాబట్టి ముందురోజు ప్రతి పిల్ల మొక్క పక్కన సున్నం పూసిన రాయి పెట్టేవాళ్ళం. గడ్డి కోయడం పూర్తయ్యాక చుట్టూ మూడు మీటర్ల వెడల్పున ఎండుటాకులు ఊడ్చి అగ్గి గీత తీయాలి. గాలికి ఆకులు మళ్ళీ వచ్చి పడతాయి గనుక ఏప్రిల్ దాకా రెండు మూడు సార్లు ఊడవక తప్పదు. ఫొటోకు అందని పని ఇది. దాతలూ దీనికి ముందుకు రారు.

పశువుల సంగతిలో మందలు తోలే పెద్దలతో మాట్లాడటం కంచె కంటె ఎక్కువ పని చేస్తుంది. ఎర్రచందనం ఆకు గొడ్లకు ఇష్టమైన మేత, కరువు ఏళ్ళలో కొమ్మలు నరికి వేయడం కూడా జరుగుతుంది. కొండను మూడు నాలుగు తునకలుగా అనుకుని, ఒక తునకను కొన్నేళ్ళు వదిలేసి మిగిలిన వాటిలో తోలుకోమని ఒప్పించగలిగాం. మొత్తం మూసేస్తామన్నప్పుడు మాత్రం ఒక్క నెల కూడా సాగలేదు.

మోళ్ళ విషయం చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అదే అన్నిటికంటె ఆశ కలిగించే సంగతి. నరికిన చెట్టు చచ్చిన చెట్టు కాదు. ఎర్రచందనం మోడు నుంచి పిలకలు బాగా వస్తాయి, వాటి కింద ఉన్నది దశాబ్దాలుగా రాళ్ళ సందుల్లో పాతుకున్న వేరు. నాటిన మొక్క పదేళ్ళలో చేరలేని ఎత్తుకు పిలక చాలా ముందుగా చేరుతుంది. కాని వదిలేస్తే ఒక్కొక్క మోడుకు పది పన్నెండు పిలకలు గుత్తిలా వచ్చి ఒకదానినొకటి అణచుకుంటాయి, మేకలు కొసలు తుంచేస్తాయి. రెండో వానాకాలం తరువాత నేలకు దగ్గరగా పుట్టిన గట్టి పిలకలు రెండింటిని ఉంచి మిగిలినవి పదునైన కత్తితో కోయండి, మరో రెండు మూడేళ్ళకు ఒకటే ఉంచండి. మోడు పైభాగాన పుట్టిన పిలకను ఎంత నిటారుగా ఉన్నా ఉంచవద్దు. మోడు కుళ్ళినప్పుడు అది గాలికి ఊడిపడుతుంది. కోసిన పిలకలను పేర్చి మోడు చుట్టూ కంపగా వేస్తే మేకలకు అడ్డుగా పనికివస్తుంది.

విత్తన బంతుల గురించి కూడా అడిగారు గనుక చెబుతాను. ఎర్రచందనం ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూలు పూస్తుంది. కాయ ముదరడానికి దాదాపు మరుసటి ఫిబ్రవరి, మార్చి దాకా పడుతుంది. కాయ అప్పడంలా పలుచగా, చుట్టూ రెక్కతో ఉంటుంది, లోపల ఒకటి, అరుదుగా రెండు గింజలు. కొన్ని కాయలలో గింజే ఉండదు. తొడుగు గట్టిది కాబట్టి ఉన్న గింజ కూడా తొందరగా మొలవదు. నర్సరీలో మేము రెక్క కత్తిరించి, పేడ నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, ఆ తరువాత ఇసుక మడిలో వేసేవాళ్ళం. అలాంటి కాయను మట్టిలో చుట్టి రాతి వాలు మీదికి విసిరితే అది దొర్లి బండ మీదో, కంప నీడలోనో ఆగుతుంది. ఒక వాన పడి పదిహేను రోజులు ఎండ కాస్తే మొలిచినదీ మాడుతుంది. బంతులు చల్లడం మీ యువకులకు కొండ ఎక్కే అలవాటు చేసింది, ఆ అలవాటును లెక్కకూ అగ్గి గీతకూ మళ్ళించండి.

నాటక తప్పని ఖాళీలు తేలితే కొన్ని జాగ్రత్తలున్నాయి. విత్తనం ఆ కొండదే కావాలి, ఒకటి రెండు చెట్ల నుంచి కాకూడదు. తోటలో నీరు పెట్టి పెంచిన చెట్టు కాయలు చేతికి అందే ఎత్తులో ఉంటాయి, అందరూ అవే కోస్తారు. అలా పెంచిన మొక్కలన్నీ అన్నదమ్ములే అవుతాయి. కనీసం ముప్పై తల్లి చెట్ల నుంచి, చెట్టుకూ చెట్టుకూ మధ్య యాభై మీటర్లకు తగ్గకుండా, ఏ చెట్టు కాయలలోనూ అయిదో వంతుకు మించకుండా సేకరించి, చెట్టువారీగా సంచుల మీద గుర్తు రాసి ఉంచాలి. సంచి పొడవు కనీసం అడుగు ఉండాలి. ఒక ఏడాది పొడవు సంచులు దొరక్క చిన్న సంచులలో పెంచి నాటించాను. రెండో వేసవికి వరుసలకు వరుసలు ఎండిపోతే ఒకటి పీకి చూశాను. తల్లివేరు సంచి అడుగుకు తగిలి, చుట్ట చుట్టుకుని, గాజులా గుండ్రంగా గట్టిపడి ఉంది. నాటిన గుంట దాటి ఒక్క వేరూ పోలేదు. నాటే సమయం తొలి వాన కాదు. రెండు మంచి తడులు పడి గుంట లోపలి దాకా నేల తడిసిన తరువాత నాటాలి. మొక్క పైవైపు కాక వాలు కిందివైపు రాళ్ళతో అర్ధచంద్రాకారంగా కట్ట వేస్తే, మనకు అక్టోబరు, నవంబరులో పడే ఈశాన్య రుతుపవనాల వాన కూడా నిలుస్తుంది. పల్లపు, నీరు నిలిచే చోట ఎర్రచందనం నాటవద్దు.

లంకమల విషయంలో ఇంకొక హెచ్చరిక తప్పదు. సుమారు 85 ఏళ్ళు ఎవరికీ కనబడకుండా పోయిన కలివికోడి 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. ఈ అభయారణ్యం ఏర్పడటానికి ఆ పక్షే కారణం. దానికి కావలసింది చిక్కటి అడవి కాదు, పొదల మధ్య ఖాళీ నేల ఉండే చిట్టడవి. కొండ పాదంలోని అలాంటి పొదల నేలను "ఖాళీ జాగా" అనుకుని గుంటలు తవ్వి మొక్కలతో నింపితే, ఒక అరుదైన చెట్టు కోసం అంతకంటె అరుదైన పక్షి ఇంటిని చెరిపినవాళ్ళమవుతాము. నాటడం వాలు మీద, ఇదివరకు ఎర్రచందనం మోళ్ళు ఉన్న చోటనే జరగాలి.

ఈ సలహా అంతా ఎర్రచందనానికే. మన కొండలలోని మిగతా అరుదైన చెట్లకు దీన్ని యథాతథంగా వర్తింపజేయవద్దు. తంబ జాలారి విత్తనం రాలిన కొద్ది రోజులలోనే మొలిచే శక్తి కోల్పోతుంది, దాన్ని సంచిలో దాచి తొలకరికి వేద్దామనుకుంటే కుదరదు, ఏరిన వెంటనే మడిలో పడాలి. ఈత చెట్టులా కనబడే పేరితలో (సైకాస్ జాతి) మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మందుల కోసం మగ కంకులు కోసుకుపోవడం వల్ల, వంద మొక్కలు పచ్చగా కనబడుతున్నా ఒక్క గింజ పట్టని చోట్లు ఉంటాయి. అక్కడ లెక్కలో ఆడ, మగ వేరుగా రాయకపోతే అసలు జబ్బు తెలియదు. కొండ సాంబ్రాణికి బంక కోసం పెట్టే గాట్లే ప్రాణాంతకం.

చివరగా అనుమతి సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, అక్కడి నుంచి కాయ గాని కర్ర గాని తీసుకురావడం, ఆవాసాన్ని మార్చే పని చేయడం నేరం. గడ్డి కోయడం, పిలకలు తీయడం, విత్తనం సేకరించడం అన్నీ ఆ పరిధిలోకి వస్తాయి. ఎర్రచందనం ఉన్న కొండలో చేతిలో కత్తితో దొరికిన యువకుడు "పిలకలు పలుచన చేస్తున్నాను" అంటే ఎవరూ నమ్మరు. మీ ఊరి వన సంరక్షణ సమితి గాని పంచాయతీ జీవవైవిధ్య కమిటీ గాని తీర్మానం చేసి, డివిజన్ అటవీ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. మొదటి దరఖాస్తులో లెక్క తీయడం, అగ్గి గీతలు ఊడవడం మాత్రమే అడగండి, అవి ఒప్పుకోవడం వారికి సులభం. కొండకు వెళ్ళేటప్పుడు బీట్ సిబ్బందిని గాని ప్రొటెక్షన్ వాచర్‌ను గాని వెంట ఉంచుకోండి. పెద్ద చెట్ల ఫొటోలు, వాటి లొకేషన్ వాట్సాప్ గ్రూపులలో పెట్టవద్దు. మీ లెక్క కాగితం దొంగ చేతికి చిక్కితే అతడికి అంతకంటె మంచి పటం దొరకదు. గడి సంఖ్యలు మాత్రమే కాగితం మీద ఉంచి, ఏ గడి ఎక్కడుందో తెలిపే పుస్తకాన్ని అటవీ సిబ్బంది దగ్గరే ఉంచడం మా పద్ధతి.

దరఖాస్తు ఇప్పుడే పెడితే అనుమతి వచ్చేసరికి సెప్టెంబరు అవుతుంది, లెక్కకు అదే సరైన అదను. గడుల లెక్క పూర్తయ్యాక ఆ నాలుగు వరుసల మొత్తాలు, మోళ్ళ సంఖ్య ఇక్కడ రాయండి, స్థలం పేరు అవసరం లేదు. మీది పైన చెప్పిన మూడింటిలో ఏ రకమో చూసి, తరువాతి వేసవికి ఏ తునకతో మొదలుపెట్టాలో చెబుతాను.